ఎవరి వంతూ కాని శనివారాలు

మా అమ్మా నాన్నా విడిపోదామనుకున్నాక ఇంట్లో సామాను పంచుకోవడానికి ఒక్క పూట పట్టింది. నన్ను పంచుకోవడానికి వేసవి సెలవులన్నీ పట్టాయి. ఫ్రిజ్ అమ్మకి, టీవీ నాన్నకి, డబుల్ కాట్ ఎవరికీ వద్దు. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ "మొత్తం నాకే కావాలి" అన్నారు. అప్పటికి నాకు పదేళ్ళు నిండి నాలుగు నెలలు. నన్ను ఎవరైనా అంత గట్టిగా కావాలనడం మొదట్లో వినడానికి బాగానే ఉంది. గెలిచినవాళ్ళకి పిల్ల పూర్తిగా, ఓడినవాళ్ళకి నెలకి రెండు ఆదివారాలు అని లాయరుగారు చెప్పిన రోజు మాత్రం నాకు ముద్ద దిగలేదు. అమ్మ ఓడినా నాన్న ఓడినా నాకు మిగిలేది రెండు ఆదివారాలే కదా.

నాన్న బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసేవాడు. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి, ఏ కండక్టరు ఎన్నింటికి దిగాలి, ఎవరు సెలవు పెడితే ఎవరు బదులు, అంతా ఆయన పెన్సిలు కిందే ఉండేది. అమ్మ పెద్దాసుపత్రిలో పిల్లల వార్డుకి హెడ్ నర్సు. అక్కడ ఎవరికి ఏ షిఫ్టో అమ్మే రాసేది. నూటయాభై మంది డ్రైవర్లు నాన్న మాట వినేవాళ్ళు, ఇరవై మంది నర్సులు అమ్మ మాట వినేవాళ్ళు, ఇంట్లో ఒకరి మాట ఒకరు వినేవాళ్ళు కాదు. ఇద్దరిదీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఒకే ఇంట్లో రెండు మూడుకాళ్ళ కుందేళ్ళు ఎన్నాళ్ళని గెంతుతాయి? విడిపోయారు. నాన్న డిపో ఎదురుగా మేడ మీద గది తీసుకున్నాడు, అమ్మ ఆసుపత్రి క్వార్టర్స్‌కి మారింది.

కోర్టులో ఒక కౌన్సిలర్ మేడమ్ ఉండేది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునే మనిషి. ఆవిడ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ సెలవుల్లో పాప ఒక వారం నాన్న దగ్గర, ఒక వారం అమ్మ దగ్గర. మొదటి వారం నాన్న. ఒకరి వారంలో ఇంకొకరు ఫోన్ చెయ్యకూడదు. ఎదురుపడకూడదు. ఎదురుపడితే మీరేం చేస్తారో పోయినసారి ఈ గదిలోనే చూశాను. పాప గురించి ఎవరి డైరీ వాళ్ళు రాయండి. సెలవుల చివరి శుక్రవారం రెండూ తీసుకురండి. ఆ రోజు పాపని కూడా అడుగుతాను."

"ఏమడుగుతారు?" అన్నాను.

"ఎవరి దగ్గర ఉంటావని."

ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నన్ను అందించడానికీ అందుకోవడానికీ తాతయ్య షాపు పెట్టుకున్నారు. దింపేవాళ్ళు తొమ్మిదింటికి దింపి వెళ్ళిపోవాలి, తీసుకెళ్ళేవాళ్ళు పదింటికి రావాలి. తాతయ్య అమ్మకి నాన్న, కుట్టుమిషన్ల మెకానిక్. కూతురి విడాకుల్లో అల్లుణ్ణి తిట్టకుండా, ప్రతి గురువారం అదే అల్లుడితో చదరంగం ఆడే మామగారు లోకంలో ఇంకొకరు ఉంటారనుకోను. అమ్మ ఆయన్ని గోడ మీద పిల్లి అనేది. తాతయ్యకి కోపం వచ్చేది కాదు. "గోడ మీద కూర్చుంటేనే రెండిళ్ళూ కనపడతాయే" అనేవాడు.

మొదటి వారం నాన్న దగ్గర. వెళ్ళిన రోజే గోడకి చార్టు అంటించి ఉంది. ఎడం పక్కన గంటలు, కుడి పక్కన పనులు, చివర గడిలో "ఆలస్యం - కారణం". పాలు 7.10. స్నానం 7.25. డిపోకి బయలుదేరుట 8.05. నేను బాత్‌రూంలో ఉంటే బయట నిలబడి, "చిట్టీ, నాలుగు నిమిషాలు లేటు నడుస్తున్నావు" అని అరిచేవాడు. డిపోలో డ్రైవర్లందరూ నా జట్టే. "పాపా, మీ నాన్న నీక్కూడా బదులు డ్యూటీ వేశాడా?" అని ఏడిపించేవాళ్ళు. గురువారం సాయంత్రం తాతయ్య షాపులో వాళ్ళిద్దరి చదరంగం చూస్తూ కూర్చున్నాను. తిరిగి వస్తూ దారిలో నాన్న ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ మేడమ్ అడిగితే ఏం చెప్తావురా?"

నేను నోరు తెరిచేలోపే మళ్ళీ తనే, "వద్దు, చెప్పకు. నాకు చెప్పకు" అని గబగబా నడిచాడు. ఆయన కాళ్ళు పొడుగు. నేను పరిగెత్తాల్సి వచ్చింది.

శనివారం పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి నన్నూ నా సంచినీ తాతయ్య షాపులో దింపి వెళ్ళిపోయాడు. పది అయింది. పదిన్నర అయింది. అమ్మ రాలేదు. తాతయ్య ఒక మిషను బోర్లా పడుకోబెట్టి దాని పొట్టలో నూనె వేస్తున్నాడు. పదకొండింటికి నాకు ఏడుపు వచ్చింది.

"అమ్మకి నేను వద్దేమో."

"నోర్మూసుకో బొబ్బిన్" అన్నాడు. నన్ను అలాగే పిలిచేవాడు, మిషన్లో దారం చుట్టే బొబ్బిన్ లాగా ఆగకుండా తిరుగుతుంటానని. "మీ అమ్మకి నువ్వు వద్దా? నిన్న పొద్దున్నే వచ్చి సోమవారం నీకోసం ఏం వండాలో నన్నడిగి పోయింది."

ఆ మాట అని తనే ఆగిపోయాడు. నూనె డబ్బా కింద పెట్టాడు. బట్టల మీద గీసే సుద్దముక్క తీసి బల్ల మీద గళ్ళు గీశాడు. గళ్ళలో వారాలు రాశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

సంగతేమిటంటే, డిపోలో కొత్త చార్టు శనివారం తెల్లవారగానే మొదలవుతుంది. పాతికేళ్ళుగా నాన్నకి వారమంటే శనివారం నుంచి శుక్రవారం దాకా. ఆసుపత్రిలో షిఫ్టులు సోమవారం మారతాయి. అమ్మకి వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. కౌన్సిలర్ మేడమ్ "ఒక వారం" అంది కానీ వారం ఎప్పుడు మొదలని ఇద్దరూ అడగలేదు. లోకంలో అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరైనా అడుగుతారా? నాన్న లెక్కలో నేను శనివారం నుంచి అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మ లెక్కలో ఆదివారం రాత్రి దాకా నాన్న దగ్గర ఉన్నాను. ఫోన్లు చేసుకోకూడదు, ఎదురుపడకూడదు. ఊరందరికీ వేళలు వేసే ఇద్దరు కలిసి తమ ఒక్కగానొక్క కూతుర్ని రెండు రోజులు ఎవరి చార్టులోనూ లేకుండా చేశారు.

"అమ్మకి ఫోన్ చెయ్యి తాతయ్యా" అన్నాను.

తాతయ్య ఫోన్ దాకా వెళ్ళాడు. దాని మీద చెయ్యి కూడా వేశాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఏదో తప్పుచేసిన పిల్లాడిలా అడిగాడు.

"చెయ్యాలంటావా?"

చెయ్యలేదు. ఆ రెండు రోజుల్లో నేను చేసినవి: మిషను బెల్టు ఎక్కించడం నేర్చుకున్నాను, సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కించాను, ఆకలేసినప్పుడు బ్రెడ్డూ గుడ్డూ తిన్నాను, ఆకలి వెయ్యనప్పుడు తినలేదు, ఆదివారం స్నానం చెయ్యలేదు. ఎవరూ గడియారం చూడలేదు. ఎవరి దగ్గర ఉంటావని ఎవరూ నన్ను అడగలేదు, అడగబోయి మానుకోనూ లేదు. షాపు వెనక గదిలో మడత మంచం మీద పడుకున్నాను. కోర్టు నుంచి వచ్చాక నాకు నిద్ర పట్టింది అక్కడే.

సోమవారం తొమ్మిదిన్నరకే తాతయ్య నా తలకి నీళ్ళు రాసి దువ్వి కూర్చోబెట్టాడు. పదింటికి అమ్మ వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "గోళ్ళలో ఆ నలుపేమిటి? గ్రీజా? పిల్లని బస్సుల కింద పడుకోబెట్టాడా ఏమిటి మీ అల్లుడు?" అంది. తాతయ్య దొంగకి తేలు కుట్టినట్టు మిషను మీదికి వంగిపోయాడు.

అమ్మ దగ్గర చార్టు గోడకి ఉండేది కాదు, నా మంచం కాళ్ళ వైపు వేలాడేది. పొద్దునా సాయంత్రం నోట్లో థర్మామీటరు. "ఇవాళ విరేచనం అయిందా?" అని వరండాలోంచి అడిగేది, పక్క క్వార్టర్స్ నర్సులకి కూడా వినపడేలా. నేను అయిందనేదాకా కదిలేది కాదు. కానీ తను డ్యూటీకి వెళుతూ నా నుదుటి మీద చెయ్యి పెట్టేది చూడండి, అది జ్వరం చూడ్డానికి కాదు. జ్వరం అంతకు ముందే చూసేసేది.

అసలు ఇరకాటం ఆ వారం చివర వచ్చింది. సుద్దగళ్ళు చూస్తే, ఒక వారం ఎవరికీ అక్కర్లేకపోయిన శనివారం, మరుసటి వారం ఇద్దరికీ కావాలి! నాన్న లెక్కలో శనివారం నుంచి తన వంతు, అమ్మ లెక్కలో ఆదివారం దాకా తన వంతు. శనివారం పదింటికి నాన్న షాపుకొస్తే నేను లేకపోతే గుట్టు రట్టవుతుంది. తాతయ్య శుక్రవారం సాయంత్రమే క్వార్టర్స్‌కి వచ్చి కూర్చున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చాడు.

"అమ్మాయ్, రెండు రోజులు పిల్లని నా దగ్గర ఉంచరాదూ? సోమవారం ఎలాగూ షాపుకే తేవాలిగా. ముసలాణ్ణి, ఎన్నాళ్ళుంటానో."

"నీకేం నాన్నా, గుండ్రాయిలా ఉన్నావు" అంది అమ్మ. అన్నా, శని ఆదివారాల్లో వార్డులో మనుషులు తక్కువై తనకి రెండేసి డ్యూటీలు పడేవి కాబట్టి ఒప్పుకుంది. మర్నాడు పదింటికి నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. "మీ అమ్మాయి టైముకి దింపిందే! మారింది మామయ్యా" అన్నాడు. తాతయ్య దగ్గొచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అలా నడిచింది ఆ వేసవి. ఒక శనివారం నేను ఎవరికీ లేను, మరుసటి శనివారం ఇద్దరికీ ఉన్నాను. ఆ మధ్యలో తాతయ్య అబద్ధాల మీద అబద్ధాలు కుట్టుకుంటూ వచ్చాడు. ఒక్క కుట్టు ఊడినా మొత్తం విప్పుకుపోతుందని మా ఇద్దరికీ తెలుసు.

ఊడినంత పనీ నేను ఎవరికీ లేని మూడో విడత ఆదివారం జరిగింది. మధ్యాహ్నం మేం అప్పుడే తిండికి కూర్చున్నాం. వీధిలో అమ్మ స్కూటర్ చప్పుడు. నేను పక్కనున్న తొక్కుడు మిషను కిందకి దూరాను. తాతయ్య పైన దుప్పటి కప్పాడు.

"ఇవాళ డ్యూటీ మార్చుకున్నాను నాన్నా. నీ బీపీ చూసి చాలా రోజులైంది" అంటూ అమ్మ లోపలికొచ్చింది. "రెండు ప్లేట్లెందుకు?"

"ఒకదాంట్లో తింటాను. ఇంకోదాంట్లో చల్లారబెట్టుకుంటాను."

"బ్రెడ్డా?"

తాతయ్య గబగబా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అమ్మ స్టూలు లాక్కుని సరిగ్గా నేనున్న మిషను ముందే కూర్చుంది. బీపీ పట్టీ బిగించిన చప్పుడు, గాలి కొట్టిన చప్పుడు వినపడ్డాయి.

"నూట డెబ్భై! ఏం చేస్తున్నావు నాన్నా నువ్వు?"

"కంగారు. మనిషన్నాక కంగారుండదా?"

"దేనికి కంగారు?"

"నీ కాపురం గురించే" అన్నాడు తాతయ్య. మనిషి ఎంత చిక్కులో ఉన్నా నోట్లో మాట సిద్ధంగా ఉంటుంది.

అమ్మ బీపీ పట్టీ విప్పింది. అలవాటు కొద్దీ ఆమె కాలు మిషను తొక్కుడు మీద పడి ఊపడం మొదలుపెట్టింది. తొక్కుడు అంచు ప్రతి ఊపుకీ వచ్చి నా మోకాలికి తగులుతోంది. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

"రేపు వస్తుంది కదా అని ఇవాళ ఇల్లు కడిగాను" అంది అమ్మ. "మూడుసార్లు కడిగాను."

"ఒకే ఇల్లు మూడుసార్లెందుకే?"

"ఇంకేం చెయ్యను? అది లేనప్పుడు నాకు ఇంట్లో ఏం పని?" అమ్మ కాలు ఆగింది. "మా లాయరు ఏమన్నాడో తెలుసా? ఆ మేడమ్ అడిగేలోపు పిల్లకి నాలుగు మాటలు నేర్పమ్మా అన్నాడు. ఏం నేర్పను నాన్నా? మీ నాన్న చెడ్డవాడని చెప్పనా? ఆయన చెడ్డవాడు కాదు. ఆయనతో బతకలేను, అంతే. అది దానికెలా చెప్పను?"

నాకు ఒక్కసారిగా బయటికొచ్చి అమ్మని పట్టుకోవాలనిపించింది. రాలేదు. వస్తే నాన్న పిల్లని గాలికి వదిలేశాడని అమ్మ లాయరు రాస్తాడు. అమ్మే రాలేదని నాన్న లాయరు రాస్తాడు. ఎవరో ఒకరు ఓడిపోతారు. మోకాలు పట్టుకుని దుప్పటి సందులోంచి చూస్తూ అలాగే కూర్చున్నాను. వెళ్ళేముందు అమ్మ రెండో ప్లేటులో నేను కొరికిన బ్రెడ్డుముక్క తీసి, "నాన్నా, నీ పళ్ళు బాగున్నాయే ఈ వయసులో" అంది.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక తాతయ్య దుప్పటి ఎత్తాడు. నా మొహం చూశాడు.

"చెప్పేద్దామా బొబ్బిన్?"

"ఇప్పుడు చెప్తే తిడతారు. చెప్పకపోతే డైరీల్లో తెలిసిపోతుంది" అన్నాను. నాన్న డైరీలో శనివారం ఉదయం తొమ్మిదింటికి నన్ను దింపినట్టు ఉందని నేను చూశాను. అమ్మ డైరీ సోమవారం పదింటికి మొదలవుతుందనీ చూశాను. ఆ మేడమ్ ఎంత మతిమరుపు మనిషైనా రెండూ పక్కపక్కన పెట్టకుండా ఉంటుందా?

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు తాతయ్య. ఆ రోజు మాత్రం ఆయన మిగిలిన బ్రెడ్డు తినలేదు.

చివరి శుక్రవారం రానే వచ్చింది. కౌన్సిలర్ మేడమ్ గదిలో నాన్న ఒక పక్క, అమ్మ ఒక పక్క, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కలా. తాతయ్య బయట బెంచీ మీద. మేడమ్ రెండు డైరీలూ తెరిచి, నెత్తిమీది కళ్ళజోడు కోసం సొరుగులన్నీ వెతికి, నేను చూపించాక పెట్టుకుని, పైకి చదవడం మొదలుపెట్టింది. ముందు నాన్నది.

"ఉదయం 7.14, పాలు. నాలుగు నిమిషాలు ఆలస్యం. కారణం: మీగడ." ఆవిడ తలెత్తి నాన్న వంక చూసి మళ్ళీ చదివింది. "8.05 బయలుదేరుట, సకాలం. మధ్యాహ్నం 1.00 భోజనం, రెండు నిమిషాల ముందు." కొన్ని పేజీలు తిప్పింది. "సాయంత్రం 6.40, అమ్మ కావాలని ఏడుపు. వ్యవధి ఇరవై ఐదు నిమిషాలు. కారణం..." అక్కడ ఆగింది. "కారణం: రాయవలసిన పనిలేదు."

అమ్మ తల తిప్పి కిటికీలోంచి చూడసాగింది. మేడమ్ అమ్మ డైరీ తీసింది.

"ఉష్ణోగ్రత సాధారణం. ఆకలి బాగుంది. విరేచనం ఒకసారి."

నేను బల్ల కిందకి జారిపోదామనుకున్నాను.

"మోకాలి మీద కమిలిన గాయం, కారణం చెప్పడం లేదు. రాత్రి నిద్ర కలత. నిద్రలో రెండుసార్లు నాన్నని పిలిచింది. దగ్గరికి వెళ్తే నన్ను చూసి, నాన్నేడీ అని అడిగింది."

నాన్న జేబులోంచి పెన్సిలు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఏం లాయర్లో వాళ్ళ లాయర్లు! ఆ వాక్యాలు రాయొద్దని చెప్పినా వీళ్ళు వినేవాళ్ళు కాదు. డిపోలో లేటైన బండిని టైముకి వచ్చిందని నాన్న ఏనాడూ రాయలేదు. వార్డులో ఉన్న జ్వరాన్ని లేదని అమ్మ ఏనాడూ రాయలేదు. తమ మీదికే వచ్చే సంగతి కూడా దాచలేక రాసుకొచ్చారు ఇద్దరూ.

మేడమ్ పేజీలు ఇటూ అటూ తిప్పింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"రెండు డైరీల్లోనూ ఎనిమిది రోజులు లేవు. అన్నీ శని ఆదివారాలే. పాప ఎక్కడుంది?"

"వాళ్ళమ్మ దగ్గర" అన్నాడు నాన్న.

"వాళ్ళ నాన్న దగ్గర" అంది అమ్మ, ఆ మాట మీదే.

నాన్న మొహం సున్నం కొట్టినట్టయింది. అమ్మ నా భుజం పట్టుకుంది, గట్టిగా, నేను ఇంకా ఉన్నానో లేదో చూస్తున్నట్టు.

"శనివారం దింపాను కదా! కొత్త చార్టు శనివారమే కదా మొదలు?"

"ఎవరు చెప్పారు మీకు? వారం మొదలయ్యేది సోమవారం. చిన్నపిల్లని అడిగినా చెప్తుంది!"

"చిన్నపిల్లనే పారేసుకున్నాం" అన్నాడు నాన్న. నా వైపు తిరిగాడు. "ఎనిమిది రోజులు. ఎక్కడున్నావురా చిట్టీ?"

నేను నోరు విప్పేలోపే తలుపు తోసుకుని తాతయ్య లోపలికొచ్చాడు. ఎంతసేపట్నుంచి తలుపుకి చెవి ఆనించి ఉన్నాడో.

"దొంగని నేనమ్మా" అన్నాడు మేడమ్‌తో. "మొదటి రోజే తెలిసింది నాకు. ఫోన్ దాకా వెళ్ళి కూడా చెయ్యలేదు. మా అమ్మాయికి వారం సోమవారం మొదలవుతుంది, మా అల్లుడికి శనివారం మొదలవుతుంది. మా ఆవిడ పోయాక నాకు వారమే లేదు. షాపు తెరవడం, షాపు మూయడం. ఈ పిల్లని ఎవరికిచ్చినా నాకు మిగిలేదేమీ లేదని తెలుసు. రెండు రోజులు దొరికాయి. ఉంచేసుకున్నాను."

అమ్మా నాన్నా ఒక్కసారే లేచారు.

"నీకు బుద్ధుందా నాన్నా?"

"మీకు బుద్ధుందా మామయ్యా?"

ఇద్దరూ కలిసి ఒకే మాట అనడం నేను రెండేళ్ళలో అదే వినడం. ఆ తర్వాత ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఆయన్ని దులిపేశారు. పిల్లకేమైనా అయితే అని నాన్నా, అందుకేనా బీపీ నూట డెబ్భై అని అమ్మా, గురువారం గురువారం నా ఎదురుగా కూర్చుని ఎత్తులు వేస్తూ అని నాన్నా, రెండు ప్లేట్లు అని అమ్మా. తాతయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మేడమ్ ఆపలేదు. అందరూ అలిసిపోయాక, ముగ్గుర్నీ బయటికి పంపి తలుపు వేసింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నువ్వు ఎవరి దగ్గర ఉంటావు?"

వేసవంతా ఆ ప్రశ్నకి రెండు జవాబులు తయారుచేసుకున్నాను. ఒకటి చెప్తే అమ్మ చచ్చిపోతుందనుకున్నాను, ఇంకోటి చెప్తే నాన్న. ఆ రెండూ ఆ క్షణాన గుర్తు రాలేదు.

"ఆ ఎనిమిది రోజులు అలాగే ఉంచెయ్యండి మేడమ్" అన్నాను. "శని ఆదివారాలు తాతయ్యకి. మిగతా రోజులు వాళ్ళకి సగం సగం ఇచ్చెయ్యండి. ఇద్దరూ నిజమే రాశారు కదా."

"నేనడిగింది ఎవరి దగ్గరని."

"చెప్పాను కదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ నెత్తిమీదకి నెట్టుకుంది. వాళ్ళని లోపలికి పిలిచి, నేనన్నది ఉన్నదున్నట్టు చెప్పి, "మొత్తం కావాలన్న మాట మీద ఇంకా ఉన్నారా ఇద్దరూ?" అని అడిగింది. డైరీలు బల్ల మీద తెరిచే ఉన్నాయి. నాన్న వంగి అమ్మ రాతలో నిద్రలో నాన్నని పిలిచిన పేజీ తనలో తాను చదువుకున్నాడు. నెమ్మదిగా, వేలు పెట్టి.

"సగం చాలండి" అన్నాడు.

అమ్మ ముందు ముక్కు తుడుచుకుంది.

"చాలు" అంది.

"మరి పిల్ల ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు?" అని మేడమ్ అంటే ఇద్దరూ "నేను" అని మళ్ళీ లేచారు. అది తేల్చడానికి మేడమ్‌కి ఒక గంట పట్టింది. అదీ చివరికి సగం సగమే అయింది.

వాళ్ళు మళ్ళీ కలిసిపోలేదు. ఆ మరుసటి నెలలోనే విడాకులు వచ్చాయి, ఇద్దరూ హాయిగా సంతకాలు పెట్టారు. కానీ ఆ శుక్రవారం మేడమ్ కాగితం రాస్తూ, శనివారం తాతయ్య దగ్గరికి ఎన్నింటికి దింపాలి, సోమవారం ఎన్నింటికి తెచ్చుకోవాలి అన్నచోట పెన్ను ఆపి, "ఇది మీరే బయటికెళ్ళి మాట్లాడుకుని రండి. వారం ఎప్పుడు మొదలో కూడా మాట్లాడుకోండి" అంది. ఇద్దరూ వరండాలోకి నడిచారు. నేనూ తాతయ్యా బెంచీ మీద కూర్చున్నాం.

"నీ సోమవారమే పెట్టుకుందాం, నేను చార్టు మార్చుకుంటాను" అన్నాడు నాన్న.

"అక్కర్లేదు. మీ శనివారమే ఉండనివ్వండి, నేనే షిఫ్టు మార్చుకుంటాను."

"మార్చుకుంటానంటున్నా కదా!"

"మీరెందుకు మార్చుకోవాలి? నేను మార్చుకోలేనా?"

గొంతులు పెరిగాయి. వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒక గుమస్తా వచ్చి నెమ్మదిగా మాట్లాడమని చెప్పి వెళ్ళాడు. తాతయ్య నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"భయమేస్తోందా బొబ్బిన్?"

నేను వాళ్ళ వంక చూశాను. నాన్న పెన్సిలు తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఇప్పట్లో తేలేట్టు లేదు.

"లేదు తాతయ్యా" అన్నాను. నిజంగానే లేదు. వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటుంటే నాకు భయం వెయ్యకపోవడం అదే మొదటిసారి. కాసేపట్లో ఆయన భుజం మీద తలపెట్టి నిద్రపోయాను.